బొమ్మకి రంగేసిందెవరు?

నా డెస్కు మీది అనిమే బొమ్మని చూసి మా టీములో వాళ్ళు "ప్లాస్టిక్కుకి అంత డబ్బా!" అంటారు. నేనేమో భూతద్దం పెట్టి అతుకు గీతలు కనబడుతున్నాయా, జుట్టు రంగు నుదుటి మీదకి పాకిందా అని వెతుకుతుంటా.

1980లలో జపాను అభిమానులకి రంగు గురించి ఎవర్నీ తిట్టుకునే పని లేదు. గరాజ్ కిట్ అంటే రంగులేని రెజిన్ ముక్కలు. అతికించడం, అరగదీయడం, రంగెయ్యడం అన్నీ కొన్నవాడివే. పాడైతే తప్పూ వాడిదే.

1964లో ఒసాకా దగ్గర చిన్న మోడల్ దుకాణంగా మొదలైన కైయోడో, 1999లో ఫురుతా చాక్లెట్ గుడ్లకోసం రంగులేసిన బుల్లి జంతువుల్ని చేసింది. చెక్కింది మత్సుమురా షినోబు. రంగులు మాత్రం చైనా ఫ్యాక్టరీల్లో. అవి తెగ అమ్ముడుపోయాయి. తర్వాత అనిమే బొమ్మలూ రంగులతోనే రావడం మామూలైంది. చెక్కినవాళ్ళ పేరు కొన్ని పెట్టెల మీదుంటుంది, ఫ్యాక్టరీలో రంగేసినవాళ్ళది మామూలుగా ఉండదు. (మన టెస్టర్ల సంగతిలాగే లెండి.)

కన్ను అర మిల్లీమీటరు పక్కకి జరిగితే ముఖమే మారిపోతుంది. నా బొమ్మకి జరిగింది. వాపసు ఫారం సగం నింపాను గానీ, ఇంకా పంపలేదు.