డీజిల్ ట్రక్ పుల్లింగ్: గేర్ల లెక్క, చోదక భాగాల ఎంపిక

డీజిల్ ట్రక్ పుల్లింగ్ అమెరికాలో, ముఖ్యంగా మధ్యపశ్చిమ రాష్ట్రాల కౌంటీ ఫెయిర్లలో జరిగే బరువు లాగుడు పోటీ. ట్రాక్టర్ల పోటీల నుంచి పుట్టింది. ఆ పోటీలకు అన్నిచోట్లా ఒకే నియమాలు ఉండాలని 1969లో నేషనల్ ట్రాక్టర్ పుల్లర్స్ అసోసియేషన్ ఏర్పడింది. మట్టి ట్రాక్ మీద స్లెడ్‌ను 300 అడుగులు, కొన్నిచోట్ల 320 అడుగులు లాగితే ‘ఫుల్ పుల్’ అంటారు. మన బండలాగుడు పోటీల్లో రాయి బరువు మొదటి నుంచి చివరిదాకా ఒకటే. స్లెడ్ అలా కాదు. అది కదిలేకొద్దీ పైనున్న బరువుల పెట్టె ముందుకు జరిగి, కిందనున్న ఇనుప పలకను నేలకు అదుముతుంది. రాపిడి పెరిగి పెరిగి ట్రక్కును నిలబెట్టేస్తుంది.

లోడు మీద గేరు మారిస్తే ఊపు పోతుంది. అందుకే సాధారణంగా ఎంచుకున్న ఒక్క గేరులోనే చివరిదాకా లాగుతారు. గేరు మరీ బలమైనదైతే ఇంజిను ఆర్‌పీఎం గవర్నరు పరిమితిని తాకి అక్కడే ఆగిపోతుంది, పెట్టె మీదికి వచ్చేసరికి ట్రక్కుకు వేగం చాలదు. మరీ వేగమైనదైతే ఆర్‌పీఎం పడిపోతుంది, దానితోపాటు టర్బో బూస్టూ పడిపోతుంది. పెద్ద టర్బో ఒకసారి చల్లబడితే ఆ పుల్‌లో మళ్లీ లేవదు.

2003–07 నాటి డాడ్జ్ రామ్‌ను తీసుకుందాం: 5.9 లీటర్ల కమిన్స్ ఇంజిను, 48ఆర్‌ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. రెండో గేరు నిష్పత్తి 1.45, ట్రాన్స్‌ఫర్ కేసు లో రేంజి 2.72, క్రౌన్-పినియన్ 4.10. మూడింటినీ గుణిస్తే 16.17 వస్తుంది. 35 అంగుళాల టైరు, 4,000 ఆర్‌పీఎం అనుకుంటే చక్రం వేగం గంటకు సుమారు 41 కిలోమీటర్లు. మూడో గేరులో అదే 60 అవుతుంది. క్రౌన్-పినియన్ 3.73 అయితే రెండో గేరులో 45 దాటుతుంది. చక్రం మట్టిలో జారుతుంది గనక ట్రక్కు అసలు వేగం ఇంతకంటే తక్కువే. పాతకాలపు ఎన్‌పీ205 ట్రాన్స్‌ఫర్ కేసు పోత ఇనుముది, లోపల చెయిన్ లేదు, అన్నీ గేర్లే. చెయిన్ సాగుతుందన్న బెంగ ఉండదని చాలామంది దాన్నే కోరుకుంటారు. కానీ దాని లో రేంజి 1.96 మాత్రమే. అది బిగిస్తే పై 41 కాస్తా 57 దాటుతుంది, కాబట్టి లెక్క మొదటినుంచీ చూసుకోవాలి.

నిష్పత్తి మొత్తం ఎంతన్నది సగం సంగతే. ఆ తగ్గింపు ఎక్కడ జరుగుతోందన్నదే ఏది విరుగుతుందో నిర్ణయిస్తుంది. పై ఉదాహరణలో రెండో గేరూ లో రేంజీ కలిసి ఇంజిను టార్కును దాదాపు 4 రెట్లు చేసి ప్రొపెల్లర్ షాఫ్టుల మీదికి పంపుతాయి. యాక్సిల్లోనే 6.72 ఉంటే అదే 16.17కు షాఫ్టుల దాకా వచ్చేది 2.4 రెట్లే. పోటీల పైతరగతి ట్రక్కుల్లో ఎం35 మిలిటరీ లారీల రాక్‌వెల్ యాక్సిళ్లు కనిపించడానికి ఇదో ముఖ్య కారణం. మామూలు యాక్సిల్లో నిష్పత్తి పెంచాలంటే పినియన్ చిన్నదవుతుంది, పళ్ల బలం తగ్గుతుంది. రాక్‌వెల్‌లో తగ్గింపు రెండు దశల్లో జరుగుతుంది, పినియన్‌కు ఆ ఇబ్బంది లేదు. తగ్గింపును వీలైనంత చక్రం దగ్గరికి తీసుకెళ్లడం, నా దృష్టిలో, ఖరీదైన షాఫ్టు కొనడం కంటే తెలివైన పని. అయితే కింది తరగతుల నియమాలు యాక్సిల్ మార్పును అన్నిచోట్లా ఒప్పుకోవు.

అలాంటి తరగతుల్లో ఉన్నదాన్నే గట్టిపరచుకోవాలి. 48ఆర్‌ఈలో ఇన్‌పుట్ షాఫ్టు మెలిపడి తెగడం మామూలు గనక మేలైన ఉక్కు దిమ్మె నుంచి కోసి చేసిన షాఫ్టు వేస్తారు. టార్క్ కన్వర్టరులో ఒక లాకప్ ప్లేటుకు బదులు మూడు ఉంటే జారుడు తగ్గుతుంది. మాన్యువల్ గేర్‌బాక్సు అయితే రెండు ప్లేట్ల క్లచ్ వాడతారు. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులను (యూనివర్సల్ జాయింట్లను) 1410 సిరీస్ నుంచి 1480కి పెంచుతారు. క్రాసు దగ్గర షాఫ్టు వంపు తక్కువగా ఉండేలా చూడటమూ అంతే అవసరం.

ఎక్కువ నష్టం ముందు యాక్సిల్లో జరుగుతుంది. హుక్కు దగ్గర గొలుసు వెనుకభాగాన్ని కిందికి లాగుతుంటే ముందు చక్రాలు తేలతాయి, ఎగురుతాయి. గాల్లో వేగంగా తిరుగుతున్న చక్రం నేలను పట్టుకున్న క్షణంలో ఆ దెబ్బంతా యాక్సిల్ షాఫ్టుకూ క్రాసుకూ తగులుతుంది. అందుకే ముందు బంపరుకు బరువులు వేలాడదీస్తారు, వెనుక ట్రాక్షన్ బార్లు బిగిస్తారు. డ్యూరామాక్స్ డీజిల్ ఇంజిను ఉన్న ట్రక్కులకు ముందు స్వతంత్ర సస్పెన్షన్ ఉండటంతో స్టీరింగ్ టై రాడ్లు వంగిపోవడం మరో సమస్య. వాటికి లావుపాటి గొట్టాల తొడుగులు వేస్తారు. విరిగిన క్రాసు ముక్క తుపాకి గుండులా దూసుకొస్తుంది కాబట్టి, క్రాసుల చుట్టూ ఉక్కు కవచం లేని ట్రక్కును చాలా పోటీల్లో ట్రాక్ మీదికి రానివ్వరు.