కొత్త ఫోన్‌కి మారుతున్నారా? క్లౌడ్ బ్యాకప్, కంప్యూటర్ బ్యాకప్‌లలో దేన్ని నమ్మాలి

విజయనగరంలో ఉండే మా ఖాలా రంజాన్ ముందు కొత్త ఫోన్ కొన్నారు. పాతది అక్కడే ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేశారు. "అంతా గూగుల్‌లో ఉంటుంది కదా ఖాలా" అని ధైర్యం చెప్పింది నేను, పాత ఫోన్ రీసెట్ బటన్ నొక్కిందీ నేనే. ఇంటికొచ్చి వాట్సాప్ తెరిస్తే ఎనిమిది నెలల కిందటి చాట్‌లే వచ్చాయి. గూగుల్ స్టోరేజ్ నిండిపోయి బ్యాకప్ అప్పుడే ఆగిపోయింది, ఎవరం చూసుకోలేదు. మా ఖాలూ దమ్మామ్ నుంచి పంపిన చివరి వాయిస్ మెసేజ్‌లు ఆ ఎనిమిది నెలల్లోవే. ఆయన ఇప్పుడు లేరు.

అప్పట్నుంచి ఇంట్లో ఎవరు ఫోన్ మార్చినా నన్నే అడుగుతున్నారు. అందుకే నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

క్లౌడ్ బ్యాకప్ అంటే మన ఫోన్‌లోది ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌లోకి వెళ్లి దాచుకోవడం. ఆండ్రాయిడ్‌కి గూగుల్ అకౌంట్, ఐఫోన్‌కి ఐక్లౌడ్. కంప్యూటర్ బ్యాకప్ అంటే కేబుల్ పెట్టి మన ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవడం.

క్లౌడ్‌తో పెద్ద సుఖం ఏమిటంటే ఫోన్ పోయినా, పగిలినా డేటా ఉంటుంది. కొత్త ఫోన్‌లో పాత అకౌంట్, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. చిక్కంతా స్టోరేజ్‌తోనే. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. ఫోటోలకి అపరిమిత ఉచిత స్టోరేజ్ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇంతకుముందు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌ని ఈ లెక్కలో కలిపేవారు కాదు, 2024 నుంచి అదీ కలిసింది. ఐక్లౌడ్‌లో అయితే ఉచితం 5 జీబీయే. ఒక్క నికాహ్ వీడియోకే అది చాలదు.

రెండో చిక్కు అప్‌లోడ్. రోజుకి 2 జీబీ వచ్చే ప్యాక్ మీద 20 జీబీ ఎక్కించాలంటే వేరే ఏమీ చూడకపోయినా పది రోజులు. 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వచ్చే వైఫై ఉన్నా తొమ్మిది గంటల దాకా పడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు: ఈ బ్యాకప్‌లకి గడువు ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ 57 రోజులు వాడకపోతే దాని బ్యాకప్ తీసేసే అవకాశం ఉంది. ఐక్లౌడ్‌లో బ్యాకప్ ఆపేస్తే 180 రోజుల తర్వాత పోతుంది. పాడైన ఫోన్‌ని బీరువాలో పెట్టి "తర్వాత చూద్దాంలే" అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్ సంగతికి వస్తే, ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ పద్ధతి వేరు. ఐఫోన్‌ని విండోస్‌లో ఐట్యూన్స్ లేదా యాపిల్ డివైసెస్ యాప్‌తో, మ్యాక్‌లో ఫైండర్‌తో మొత్తంగా బ్యాకప్ తీయొచ్చు. అక్కడ ఎన్‌క్రిప్ట్ అనే టిక్ పెట్టండి. అది పెట్టకపోతే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కాల్ హిస్టరీ, హెల్త్ డేటా రావు. పెడితే మాత్రం ఆ పాస్‌వర్డ్ డైరీలో రాసుకోండి. మర్చిపోతే ఆ బ్యాకప్‌ని మీరు కూడా తెరవలేరు. ఇంకొకటి, ఫోటోలు అప్పటికే ఐక్లౌడ్‌లో ఉంటే కంప్యూటర్ బ్యాకప్‌లోకి అవి రావు.

ఆండ్రాయిడ్‌లో ఫైల్స్ కాపీ చేసుకోవడమే ప్రధానం. శాంసంగ్ వాళ్లకి స్మార్ట్ స్విచ్ ఉంది. మిగతావాళ్లు కేబుల్ పెట్టి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని, ఫోటోలకి డీసీఐఎం ఫోల్డర్, తర్వాత ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్ ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. వాయిస్ నోట్స్ అని విడిగా ఒక ఫోల్డర్ అందులోనే ఉంటుంది. చాట్ తిరిగి రాకపోయినా ఆ ఫైల్స్ కంప్యూటర్‌లో వీఎల్‌సీతో వినొచ్చు. ఆ రోజు నాకు ఇది తెలిసి ఉంటే పది నిమిషాల పని.

"ఇంట్లో కంప్యూటరే లేదు, ఏటి చెయ్యమంటావు?" అని శ్రీకాకుళంలో ఒక చాచీ అడిగారు. ఓటీజీ పెన్‌డ్రైవ్ చాలు, ఫైల్స్ అందులోకి కాపీ అవుతాయి. నెట్ సెంటర్‌లోనో మొబైల్ షాపులోనో మాత్రం చేయించొద్దు. ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలు, ఆధార్, పాస్‌పోర్ట్, నికాహ్‌నామా కాపీలు అన్నీ ఆ కంప్యూటర్‌లో ఉండిపోతే తీసేశారో లేదో మనకెలా తెలుస్తుంది?

మన జిల్లాలకి ఇంకో లెక్క కూడా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ చూశాం. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, అలాంటప్పుడు క్లౌడ్‌లో ఎంత ఉన్నా చేతికి రాదు. అదే ఇంట్లోకి నీళ్లొస్తే ల్యాప్‌టాప్ కూడా ఫోన్‌తో పాటే పోతుంది. అందుకని తిరిగి సంపాదించలేని వాటిని, అంటే పెద్దవాళ్ల గొంతులు, పెళ్లి, ఉమ్రా, బాబామెట్ట ఉర్సు ఫోటోలు, రెండుచోట్లా ఉంచమంటాను. కాంటాక్టులు, సెట్టింగ్‌లు క్లౌడ్‌లో ఉంటే సరిపోతుంది.

పాత ఫోన్ పనిచేస్తుంటే రెండిటికన్నా తేలికైంది నేరుగా ఫోన్ నుంచి ఫోన్‌కి మార్చడం. వాట్సాప్‌కి 2023 నుంచి క్యూఆర్ కోడ్‌తో చాట్ ట్రాన్స్‌ఫర్ ఉంది, రెండూ ఒకే రకం ఫోన్లు అయితే. గల్ఫ్ నుంచి అన్నయ్య ఐఫోన్ తెచ్చాడు, మీది ఆండ్రాయిడ్ అంటే మూవ్ టు ఐఓఎస్ యాప్ వాడాలి, అదీ ఐఫోన్ మొదటి సెటప్‌లో ఉన్నప్పుడే. గూగుల్‌లో ఉన్న వాట్సాప్ బ్యాకప్ ఐఫోన్‌లోకి దిగదు. అలాగే ఐఫోన్‌లో బ్యాకప్ రీస్టోర్ చేస్తే అప్పటిదాకా అందులో ఉన్నది పోయి బ్యాకప్‌లోది వస్తుంది, రెండూ కలవవు. వారం వాడాక రీస్టోర్ చేద్దామనుకుంటే ఆ వారం పోయినట్టే.

ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లని ఏ బ్యాకప్‌ మీదా వదిలేయకండి. కొత్త ఫోన్‌లో బ్యాంకుకిచ్చిన నంబర్ సిమ్ వేసి, ఎస్సెమ్మెస్ ద్వారా మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. ఆ సిమ్‌లో ఎస్సెమ్మెస్ వెళ్లేంత బ్యాలెన్స్ ఉందో లేదో ముందే చూడండి.

ఆన్‌లైన్‌లో ఎక్స్‌ఛేంజ్ పెట్టి కొంటే కొత్త ఫోన్ తెచ్చిన డెలివరీ అబ్బాయే పాతది తీసుకెళ్లిపోతాడు, ఆ గుమ్మంలో బ్యాకప్‌కి టైం ఉండదు. ముందురోజు రాత్రే వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్ తెరిచి చివరి బ్యాకప్ తేదీ చూడండి. వీడియోలు కలపాలన్న ఆప్షన్ విడిగా ఆన్ చేయాలి. కంప్యూటర్‌లోకి లేదా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసిన ఫైల్స్‌లో నాలుగు తెరిచి, ఒక వాయిస్ మెసేజ్ విని చూడండి. షాపులో కొంటుంటే కొత్తది ముందు తెచ్చుకుని, వారం పది రోజులు పాతది ఇంట్లోనే ఉంచండి. ఎక్స్‌ఛేంజ్ ధర రెండు మూడు వందలు తగ్గినా పర్వాలేదు.