జీర్ణాశయ క్యాన్సర్ - చికిత్సానంతర జీవితం

జీర్ణాశయ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ పూర్తయిన రోగి భవితవ్యం ప్రధానంగా వ్యాధి దశపై ఆధారపడి ఉంటుంది.

మనుగడ

తొలిదశలో గుర్తించినవారిలో అధికులు 5 సంవత్సరాలకు మించి జీవిస్తారు. శోషరస గ్రంథులకు వ్యాపిస్తే ఈ అవకాశం తగ్గుతుంది. 2006లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో శస్త్రచికిత్స మాత్రమే పొందినవారిలో 23 శాతం, దానికి ముందూ తరువాతా కీమోథెరపీ కూడా పొందినవారిలో 36 శాతం 5 సంవత్సరాలు జీవించారు. 2019 నాటి జర్మనీ అధ్యయనంలో 'ఫ్లాట్' మందుల సముదాయంతో ఇది 45 శాతానికి చేరింది. వ్యాధి తిరగబెడితే అది ఎక్కువగా మొదటి 2-3 సంవత్సరాలలోనే జరుగుతుంది.

ఆహారం, పోషణ

జీర్ణాశయాన్ని పూర్తిగా తొలగించినవారు విటమిన్ బి12ను జీవితాంతం, సాధారణంగా ఇంజెక్షన్ల రూపంలో, తీసుకోవాలి. కాలేయంలో నిల్వ ఉండటం వలన ఈ లోపం కొన్నేళ్ళ తరువాత గాని బయటపడదు. అప్పటికి పాదాల తిమ్మిర్లు, రక్తహీనత కనిపిస్తాయి. తీపి ఎక్కువగా తింటే గుండెదడ, చెమటలు, విరేచనాలు కలుగవచ్చు. దీనిని 'డంపింగ్ సిండ్రోమ్' అంటారు. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా భుజించటం మేలు.

సంగారెడ్డి - పటాన్‌చెరు ప్రాంతం

పటాన్‌చెరు పరిశ్రమలలో షిఫ్టులలో పనిచేసేవారు ఈ భోజన నియమం పాటించాలంటే పనివేళల్లో విరామాలు అవసరం. ఈ ప్రాంతీయులకు హైదరాబాదులోని రెడ్‌హిల్స్‌లో 1955లో స్థాపించిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అందుబాటులో ఉంది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ చికిత్సలూ చేరి ఉన్నాయి. ఆరోగ్యం కుదుటపడినట్లు అనిపించినా పరీక్షలకు వెళ్ళటం మానరాదు.