పేరు లేక ఆగిపోయిన మాట



ఈసారి రాసే చరిత్ర కొందరికి నచ్చకపోవచ్చు. చివరిదాకా చదవండి, తర్వాత తిట్టదలిస్తే తిట్టండి.

చాలా ఏళ్ల కిందట వరాలా తలావ్ దగ్గర ఒక ఇంట్లో పంచాయితీకి కూర్చున్నాం. పేర్లు, ఊర్లు చెప్పం. పెళ్లయి ఏడాది కాలేదు, అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ సంబంధం కుదిర్చినవాళ్లలో మేమూ ఉన్నాం. అబ్బాయి సాంచాల మీద పనిచేసేవాడు, బుద్ధిమంతుడు, తాగుడు లేదు. చాలాసేపు తల దించుకుని కూర్చుని చివరికి అసలు విషయం చెప్పాడు. తన మనసు ఆడవాళ్ల వైపు ఎప్పుడూ పోలేదని.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగాం.

"ఆరో తరగతిల ఉన్నప్పుడే ఎరుకైంది."

"మరి లగ్గానికి ముందు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె పెద్దబాపూ? దానికి నాకు ఎరుకున్నయి బూతు మాటలే. నా గురించి నేనే బూతు చెప్పుకోవాల్నా?"

మా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికి నడిచి వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా సాంచాలు మోగుతూనే ఉన్నాయి, మాకు మాత్రం ఆ మాటే వినపడింది. ఆరో తరగతిలో తెలిసినదాన్ని చెప్పడానికి ఒక మాట కూడా దొరకకుండా ఎట్లా పోయింది? అప్పటి నుంచి దొరికినంత చదివాం. అందులో తేలింది ఇదీ.

బోరీబందర్ నుంచి ఠాణాకు మొదటి రైలు 1853 ఏప్రిల్ 16న నడిచింది. మన భివండి పక్కనే ఠాణా. ఏడేళ్ల తర్వాత, 1860లో, తెల్లదొరలు మన దేశానికి శిక్షాస్మృతి రాశారు. అందులోని 377వ సెక్షన్ ప్రకృతికి విరుద్ధమైన సంభోగం నేరమన్నది. ఇంగ్లీషులో, జర్మన్‌లో ఇప్పుడు వాడే 'హోమోసెక్సువల్' అనే మాట అప్పటికి అచ్చులోనే లేదు. కెర్ట్‌బెనీ అనే రచయిత 1869లో జర్మన్ భాషలో వేసిన కరపత్రంలో అది మొదటిసారి వచ్చింది. అదీ ప్రష్యా రాజ్యంలో ఇలాంటి చట్టం వద్దని వాదించడానికి. అంటే మన దగ్గర ముందు శిక్ష వచ్చింది, తొమ్మిదేళ్ల తర్వాత పేరు వచ్చింది. చట్టానికి కనపడింది పని ఒక్కటే. ఆ మనిషి మనసు ఎటు లాగుతుందో దానికి అక్కర్లేదు.

మన తెలుగు మాట కూడా ఆ దారిలోనే నడిచింది. పత్రికల్లో 'స్వలింగ సంపర్కం' అని రాస్తారు. సంపర్కం అంటే కలయిక, అంటే ఒక పని. పదకొండేళ్ల పిల్లవాడు ఏ పనీ చేయలేదు. తోటి పిల్లవాణ్ని చూస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది, అంతే. ఆ మాట అతనికి ఎట్లా సరిపోతుంది?

మేము చదివింది తమిళ మీడియంలో కనుక అక్కడి సంగతి తెలుసు. మా చిన్నప్పుడు తమిళంలో 'ఓరినచ్చేర్కై' అనేవారు. చేర్కై అన్నా కలయికే. ఇప్పుడు 'తన్‌బాలీర్పు' అంటున్నారు. ఈర్పు అంటే లాగడం, ఆకర్షణ. పని పేరు పోయి మనసు పేరు వచ్చింది. ఇది ఊరికే రాలేదు. మదురై నుంచి ఇద్దరు అమ్మాయిలు ఇళ్లు వదిలి చెన్నై చేరి, రక్షణ కోసం మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఈ విషయంలో తనకు అవగాహన లేదని ఒప్పుకున్నారు. ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ తర్వాతే 2021 జూన్ 7న ఉత్తర్వు ఇచ్చారు. వైద్యం పేరుతో ఇలాంటివారిని 'మార్చే' ప్రయత్నాలు కూడదన్నారు. గౌరవంగా పిలవడానికి మాటల పట్టికను తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. హైకోర్టు జడ్జి నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. పంచాయితీ పెద్దలం మనకెందుకు సిగ్గు?

ఎప్పుడు తెలుస్తుంది అన్నదానికి శాస్త్రం చెప్పేదీ ఆ అబ్బాయి మాటకు దగ్గరే. చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు మెక్‌క్లింటాక్, హెర్ట్ 1996లో ఒక వ్యాసం రాశారు. మొదటి ఆకర్షణ గుర్తుండే వయసు సగటున పదేళ్ల దగ్గర ఉందన్నారు. ఆడవాళ్లను ఇష్టపడే మగవాడికైనా, మగవాళ్లను ఇష్టపడే మగవాడికైనా, ఆడపిల్లలకైనా దాదాపు అదే వయసు. అయితే అందరికీ ఒకేలా కాదు. కొందరికి కాలేజీలో, కొందరికి పెళ్లయి పిల్లలు పుట్టాక స్పష్టమవుతుంది. లోపల తెలియడం ఒకటి, దానికి పేరు పెట్టుకోవడం ఇంకొకటి, బయటికి చెప్పడం మూడోది. ఈ మూడింటి మధ్య ఎన్నేళ్లు పడతాయన్నది చుట్టూ ఉన్న మన మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ముంబైలో ఆ పేరు కొంచెం ముందు వచ్చింది. పాత్రికేయుడు అశోక్ రావ్ కవి 1986లో ఒక పత్రికలో తన సంగతి బహిరంగంగా చెప్పారు. 1990లో 'బాంబే దోస్త్' పత్రిక మొదలుపెట్టారు. 1994లో హమ్‌సఫర్ ట్రస్ట్ వచ్చింది. దాని ఆఫీసు శాంతాక్రూజ్ వైపు వకోలాలో. మనవాళ్లు రోజూ ఎక్కే లోకల్ రైళ్లు అటే పోతాయి. కానీ ఆ పత్రిక మన గల్లీకి రాలేదు, వచ్చినా మన భాషలో లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్ల మీద 377 చెల్లదన్నది. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో, అభయ్ 2021 డిసెంబరులో అయినవాళ్ల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. ఆ పెళ్లికి చట్టం గుర్తింపు కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న కోర్టు ఒప్పుకోలేదు, అది చట్టసభ చూసుకోవలసిన పని అన్నది. అంటే నేరం పోయింది, పెళ్లి రాలేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? పంచాయితీలో ఆ అమ్మాయి అడిగిన మాట వినండి.

"ఆయన చెప్పలేదని అందరూ ఆయన్ని తిడుతున్నరు. సంబంధం తెచ్చిన మీరు, పక్కకు పిలిచి ఒక్కసారన్నా అడిగిండ్రా?"

అడగలేదు. అంతకుముందు మూడు సంబంధాలు వద్దన్నాడు. సిగ్గనుకున్నాం, గట్టిగా చెబితే దారికొస్తాడనుకున్నాం. మాకూ అడగడానికి మాట లేదు, అడగాలన్న ఆలోచనా లేదు. అతను భివండి వదిలి వెళ్లిపోయాడు, పండుగకు కూడా రాడు. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. కానీ 'విడిచిపెట్టిన పిల్ల' అన్న పేరు ఆమెకే మిగిలింది. చూడండి, ఆ పేరు పెట్టడానికి మాత్రం మనకు మాట వెంటనే దొరికింది.

అందుకే ఒక మనవి. మన వధూవరుల పరిచయ సభల్లో అబ్బాయితోనైనా అమ్మాయితోనైనా ఒక పెద్దమనిషి విడిగా కూర్చుని, "నీకు నిజంగా పెళ్లి ఇష్టమేనా?" అని అడగాలి. వద్దంటే కారణం తవ్వకూడదు. విన్నది గడప దాటకూడదు. తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్లలే తేల్చుకోవాలి. ఇంకొకటి, మన మాటల్లో సంపర్కం బదులు స్వలింగ ఆకర్షణ అందాం. బూతు మాట ఎవరి నోట వచ్చినా ఆపుదాం. మన గల్లీల్లో ఈ రోజూ ఒక ఆరో తరగతి పిల్లవాడో పిల్లో ఉండే ఉంటారు. మనం ఏ మాట వాడతామో వింటూ ఉంటారు.

పెద్దవాళ్లం తప్పు చేశాం. ఒప్పుకుని రాస్తున్నాం. మీ అభిప్రాయం చెప్పండి. ఎవరినైనా ఉద్దేశించి పేర్లు మాత్రం రాయకండి.

సెలవు.