చదరంగము – వ్యాఖ్యాన విద్య

చదరంగము మన పెద్దలకుఁ గ్రొత్తది కాదు. అరుగుమీఁద పలక పఱచి ప్రొద్దు క్రుంకువఱకు ఆడిన నిపుణులను మీరును ఎఱుఁగుదురు, నేనును ఎఱుఁగుదును. కాని వారి యెత్తులు వారితోడనే పోయినవి. వ్రాసి యుంచినవారు అరుదు. వ్రాసిన ఆట యెంతటి పని చేయఁగలదో తెలుపు చరిత్రమును నేఁడు మీకు విన్నవించెదను.

19వ శతాబ్దపు నడుమ కలకత్తాలో మహేశచంద్ర బెనర్జీ యను వంగీయుఁడు, అచట న్యాయవాదిగా నున్న జాన్ కాక్రేన్ దొరతో పెక్కు ఆటలు ఆడెను. మన పాత పద్ధతిలో బంటు తొలి యెత్తునను ఒక్క గడియే కదలును గదా. ఆ యలవాటుననే అతఁడు బంట్లను నెమ్మదిగా నడపి, శకటును ప్రక్కనుండి పొంచి యుంచెడివాఁడు. కాక్రేన్ ఆ యాటలను వ్రాసి ఇంగ్లండునకుఁ బంపెను. అట్టి ఆరంభములకు నేఁటికిని ఇండియన్ రక్షణలనియే పేరు. ఆడినవాఁడు మనవాఁడు, ఆ యాటను నిలిపినది వ్రాఁత.

అయినను ఎత్తుల పట్టిక మాత్రమే చాలదు. ఆ యెత్తు ఏల వేసెను? వేఱొకటి వేసిన నేమగును? ఇది చెప్పునది వ్యాఖ్య. శ్లోకమునకు టీక యెట్టిదో, ఆటకు వ్యాఖ్య యట్టిది. ఈ విద్యలో రష్యా దేశమునఁ బుట్టిన అలెగ్జాండర్ అలెఖీన్ అగ్రగణ్యుఁడు. 1924లో న్యూయార్కున 11 మంది ఆడిన పోటీలోని 110 ఆటలకును అతఁడే వ్యాఖ్య వ్రాసెను. ఆ పోటీలో లాస్కర్ మొదటివాఁడు, నాఁటి ప్రపంచవిజేతయగు క్యూబా దేశీయుఁడు కాపాబ్లాంకా రెండవవాఁడు, అలెఖీన్ మూఁడవవాఁడు.

కాపాబ్లాంకా అంతకుముందు ఎనిమిదేండ్లు ఓటమి యెఱుఁగఁడు. అలెఖీన్ ఐతే 1927 నాఁటి పోరువఱకు అతనిపై ఒక్క ఆటయు గెలువలేదు. కాని విజేత ఆటలను ఎత్తువెంట ఎత్తుగాఁ బరిశీలింపఁగా, ఎదుటివాఁడు పట్టు విడువక నిలిచినపుడు ఆ మహానిపుణునకును తడఁబాటు కలుగుచున్నదని గ్రహించెను. ఈ సంగతిని తరువాతఁ దానే వ్రాసెను. 1927 సెప్టెంబరులో బ్యూనస్ అయిరీసున వారిరువురి పోరు మొదలయ్యెను. 34 ఆటలు జరిగెను. అలెఖీన్ 6, కాపాబ్లాంకా 3 గెలిచిరి. తక్కిన 25 సమములయ్యెను. నవంబరు చివర విజేతపదవి అలెఖీనున కబ్బెను.

ఇట్టివారి వ్యాఖ్యలను ఎట్లు చదువవలెను? గెలిచినవాని పక్షమునఁ గూర్చుండి, పుస్తకములోని తరువాతి యెత్తును కాగితముతోఁ గప్పి, తాను వేయఁదలఁచిన యెత్తును కారణముతోఁ గూడ వ్రాసికొనవలెను. పిమ్మట కాగితము తొలఁగించి చూడవలెను. రెండును వేఱైనచోటనే పాఠమున్నది. వ్యాఖ్యను వేదవాక్యముగా నెంచరాదు. అలెఖీన్ వ్యాఖ్యలలోను తరువాతివారు దోషములు చూపిరి. 1948లో ప్రపంచవిజేతయైన బొట్విన్నిక్, తన విమర్శనములను అచ్చువేయించుటయే ఆటగానికి మేలనెను. ఇతరులు పరీక్షించినఁగాని మన దోషము మనకుఁ గానరాదని అతని తలఁపు.

మీ యూరి అరుగుమీఁద మంచి ఆటగాఁడున్నచో, ఒక నోటుపుస్తకమిచ్చి మనుమని ఆయన ప్రక్కఁ గూర్చుండఁబెట్టుఁడు. ఎత్తులను వాఁడు వ్రాయఁగలఁడు. వాని కారణములను చెప్పఁగలవాఁడు ఆ పెద్ద యొక్కఁడే. ఆయన యున్నపుడే అడుగవలెను.