ధాన్యపు పైర్లలో ఆకు రంగు

వరి, మొక్కజొన్న, జొన్న ఆకుల పచ్చదనమంతా పత్రహరితానిదే. దాని అణువు నడుమ మెగ్నీషియం, చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. కిరణజన్య సంయోగక్రియను నడిపే ఎంజైములకూ నత్రజని కావాలి. అందుకే ఆకు రంగును బట్టి పైరు ఆకలి చెప్పవచ్చు.

గుంటూరు, ప్రకాశం అనగానే పత్తి, మిరప గుర్తొస్తాయి గానీ, కృష్ణా కాలువల కింద రాజ్యం వరిదే. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) ఇక్కడ ఇంటింటి పేరు. నాటిన కొత్తలో పాలిపోయి కనిపించే నారు, వేరు పట్టాక పచ్చబడి పిలకలు వేస్తుంది. పైరు నల్లగా ఉందని రైతు మురిసే దశ ఇదే. ఆ నలుపు మితిమీరితే మాత్రం అగ్గితెగులు, సుడిదోమ వస్తాయి, చేను పడిపోతుంది. యూరియా ఎప్పుడు చల్లాలో తేల్చడానికే ఆకు రంగు పట్టిక వచ్చింది. పూర్తిగా విచ్చుకున్న లేత ఆకులను పదింటిని, ఎండ తగలకుండా మన నీడలో ఉంచి, పట్టిక మీది పచ్చరంగులతో పోల్చాలి. ఆరు గానీ అంతకు మించి గానీ ఆకులు ఆ రకానికి చెప్పిన అంకె కన్నా పాలిపోయి ఉంటే ఎరువు వేయాలి.

పసుపు రంగు అసలు చిక్కు. పిలకల దశలో కింది ఆకులు పసుపెక్కితే నత్రజని కొరత: మొక్క ముదురాకుల్లోని నత్రజనిని లాగి లేతాకులకు పంపుతోందన్నమాట. లేతాకులే ముందుగా పాలిపోతే ఇనుమునో గంధకాన్నో అనుమానించాలి, ఎందుకంటే అవి మొక్కలో అంత తేలిగ్గా కదలవు. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో జొన్నకు ఇనుము లోపం తరచూ వస్తుంది. ఇక కోతకు ముందు చేనంతా పసుపెక్కడం జబ్బు కాదు. ఆకుల్లోని నత్రజని గింజకు చేరుతుంది, పత్రహరితం విరిగిపోతుంది, మొదటినుంచీ ఆకులోనే ఉన్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. గింజ పాలు పోసుకునేటప్పుడు వెన్ను కింది జెండా ఆకు ఎంత కాలం పచ్చగా నిలిస్తే గింజ అంత బాగా నిండుతుంది.

  

వరి కోశాక, ఒకప్పుడు మినుము చల్లిన మాగాణుల్లో చాలాచోట్ల ఇప్పుడు దుక్కి లేకుండానే మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు. మినుముకు పల్లాకు తెగులు, బంగారు తీగ బెడద పెరగడం ఈ మార్పుకు ఒక కారణం. మొక్కజొన్న, జొన్న రెండూ సీ4 మొక్కలు: కార్బన్ డయాక్సైడును ఆకు ఈనెల చుట్టూ ఉన్న కణాల్లో పోగేసుకుంటాయి కాబట్టి మండుటెండలో, తక్కువ నీటితో వరి కన్నా చురుగ్గా పనిచేస్తాయి. చలిలో మొలిచిన మొక్కజొన్న ఊదారంగుకు తిరిగితే భాస్వరం అందలేదని, నడి ఈనెకు ఇరువైపులా తెల్లచారలు పడితే జింకు చాలలేదని అర్థం. జొన్నలో బెట్టకు తట్టుకుని ఆకులు పచ్చగా నిలుపుకునే రకాలున్నాయి. గింజ నిండాక కూడా వాటి చొప్ప పశువులకు మేతగా పనికొస్తుంది.