ద్రాక్షసీమలో ద్విచక్రయాత్ర

దేశమును చూచుటకు రైలు వేగము మిక్కిలి ఎక్కువ, నడక వేగము మిక్కిలి తక్కువ. ఈ రెంటికి నడుమనున్నది సైకిలు. దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌డాక్ సీమను రైలు కిటికీనుండి చూచినవారికి ద్రాక్షతోటలు కొండలదాక పఱచిన పచ్చని తివాచీవలె కన్పట్టును. సైకిలుపై పోవువారికి ఆ తివాచీలోని పోగులు వేఱువేఱుగ తెలియును. పొట్టి తీగమోడులు, రాళ్లు నిండిన నేల, గ్రామము మొగదల సహకారసంఘమువారి ఆసవశాల కానవచ్చును. దిగి చూచినచో మోడునకు నేలమట్టమున ఒక బుడిపె యుండును. ఆ బుడిపె కథయే ఈ సీమ కథ.

మేము కోతలు ముగియుచున్న దినములలో తూలూజ్ నగరమున సైకిళ్లెక్కి మధ్యధరా సముద్రతీరముననున్న సెట్ రేవువఱకు పోయితిమి. దారి కాలువగట్టే. గోదావరి కాలువల గట్లమీద సైకిలు నడిపిన మన శ్రోతలకు ఈ దారి క్రొత్తగా తోపదు. ఒకప్రక్క నిలుకడ నీరు, వేఱొకప్రక్క చేలు, తలపై చెట్లనీడ, నడుమనడుమ లాకులు. దక్షిణపు కాలువ యని పేరొందిన ఈ జలమార్గము పొడవు 240 కిలోమీటర్లు.

దీనిని త్రవ్వించినవాడు పియేర్ పాల్ రికె. బేజియే పట్టణమున పుట్టి, ఉప్పుపన్ను వసూలు గుత్తతో ధనికుడైనవాడు. అట్లాంటిక్ వైపునకు పాఱు నదిని మధ్యధరాతో కలుపవలెనని అంతకుముందును పలువురు తలచిరి. కాని కాలువ మిట్టనెక్కి దిగవలెను. ఆ మిట్టమీదికి నీరు ఎచటినుండి వచ్చును? ఈ ప్రశ్నకడనే అందఱు ఆగిపోయిరి. రికె ఉత్తరముననున్న నల్లకొండల వాగులను పిల్లకాలువలద్వారా నారూజ్ అను మిట్టకు మళ్లించి, అచటినుండి నీటిని తూర్పునకు, పడమరకు పంచవచ్చునని చూపెను. 1666లో పదునాలుగవ లూయీ రాజు అనుమతి నొసగెను. రికె తన సొంత ధనమునుకూడ ఇందు వ్యయము చేసి, 1680లో మరణించెను. కాలువ 1681లో పూర్తియయ్యెను. నారూజ్ మిట్టకడ మేము సైకిళ్లు దిగి కొంతసేపు నిలిచితిమి. చూడ అది గొప్ప ఎత్తేమియు కాదు, సముద్రమట్టమునకు 190 మీటర్లు మాత్రమే. ఒక మనుష్యుని ఆస్తియు, ఆయుర్దాయమును ఆ చిన్న మిట్టకొఱకే ఖర్చుపడినవి.

గట్టువెంబడి నీడనిచ్చు ప్లేన్ చెట్లు చాలవఱకు 19వ శతాబ్దమున నాటినవి. 2006లో ఈ చెట్లకు ఒక బూజుతెగులు సోకినట్లు కనుగొనిరి. వేలకొలది చెట్లను కొట్టి కాల్చవలసివచ్చెను. పలుచోట్ల మేము ఎండలోనే పోయితిమి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికానుండి వచ్చిన కొయ్యపెట్టెలతో ఈ తెగులు ఐరోపాకు చేరినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. సముద్రము దాటివచ్చిన తెగులు ఈ సీమకు ఇది మొదటిది కాదు.

కార్కస్సోన్ కోట దాటిన పిదప ఓద్ నది లోయ విప్పారును. వాయవ్యమునుండి వీచు గాలి మా వీపులను తట్టి ముందుకు నెట్టినది. దానిని ఇచటివారు సెర్స్ అందురు. ఇచటినుండి ద్రాక్షయే ద్రాక్ష. క్రీస్తుపూర్వము 118లో రోమనులు ఈ లోయ చివర నార్బోన్ నగరమును నెలకొల్పిరి. ఇటలీనుండి స్పెయినునకు పోవు రాజమార్గము దానిగుండ పోయినది. ఆ బాటరాళ్లు నేటికిని నగరమధ్యమున కానవచ్చును. సామ్రాజ్యమున ద్రాక్షతోటలు మితిమీరి పెరిగినవని తలచి క్రీస్తుశకము 92లో దొమీషియన్ చక్రవర్తి రాష్ట్రములలోని తోటలలో సగము పెఱికివేయుడని ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞ పూర్తిగ అమలు జరుగలేదు. కాని పంట హెచ్చినపుడు మొక్కను పెఱుకుమను ఔషధము అంత ప్రాచీనమైనదని గుర్తుంచుకొనవలెను.

1857లో బోర్దో నగరమునుండి సెట్ రేవునకు రైలుదారి పడెను. ఉత్తరమున బొగ్గుగనులలో, మిల్లులలో పనిచేయు కార్మికులకు చౌక ఆసవము కావలసివచ్చెను. గోధుమచేలు ద్రాక్షతోటలైనవి. ఈ ఐశ్వర్యము కన్నులపండువుగ నున్న దినములలోనే, 1863 ప్రాంతమున, రోన్ నది సమీపముననున్న కొన్ని తోటలలో ఆకులు అకారణముగ పండి రాల జొచ్చినవి. తీగలు రెండు మూడేండ్లలో చచ్చినవి. చచ్చిన మొక్కను త్రవ్విచూచిన ఏమియు కనబడదు. 1868లో మోంపెల్యే నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, ఆయన సహచరులు చచ్చినదానిని విడిచి, దాని ప్రక్కన ఇంకను పచ్చగనున్న మొక్కను త్రవ్వించిరి. వేళ్లనిండ సన్నని పసుపుపచ్చ పురుగులు. వేరు చావగనే పురుగు ప్రక్క మొక్కకు పోవుచున్నదని తేలినది. దానికి ఫిలాక్సెరా యని పేరు. అమెరికానుండి తెప్పించిన ద్రాక్షమొక్కలతో అది వచ్చినది.

తోటలను నీట ముంచిరి, నేలలోనికి విషవాయువు నెక్కించిరి. మందు కనుగొన్నవారికి ప్రభుత్వము 3,00,000 ఫ్రాంకుల బహుమానము ప్రకటించెను. అది ఎవరికిని దక్కలేదు. తుదకు పురుగు వచ్చిన దేశమే విరుగుడును ఇచ్చెను. అమెరికా ద్రాక్షవేరు ఆ పురుగుకాటునకు తట్టుకొనును. ఆ వేరుమీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టిరి. మొదట మేము చెప్పిన బుడిపె ఆ అంటుగంటే. తరతరాల ప్రాచీనతకు గుర్తుగ యాత్రికుడు ఛాయాచిత్రము తీసికొను ఆ తోటలలో మిక్కిలి పెక్కింటికి వేళ్లు పరదేశపువి.

అంటుతోట నాటుటకు పెట్టుబడి కావలెను. రైతులు అప్పులు చేసిరి. తోటలు కొండచఱియలనుండి మైదానములకు దిగెను, దిగుబడి పెరిగెను. అదే కాలమున అల్జీరియానుండి ఆసవము వచ్చిపడుచుండెను. వర్తకులు కొందఱు చక్కెరయు నీళ్లును కలిపి కల్తీసరుకు అమ్ముచుండిరి. ధర కూలెను. పంట చేతికివచ్చినను కూలిఖర్చు తిరిగిరాని స్థితి యెట్టిదో మన రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాలువగట్టునకు చేరువగ ఆర్జలియే అను చిన్న గ్రామము కలదు. అచట కాఫీ అంగడి నడుపుచు కొద్దిపాటి తోట గల మార్సెలాన్ ఆల్బేర్ అనునతడు 1907 మార్చి 11వ తేదీన 86 మంది తోడి రైతులతో నార్బోన్‌నకు నడచిపోయి, విచారణకు వచ్చిన పార్లమెంటు సంఘమునకు తమ గోడు విన్నవించెను. మొత్తము 87 మంది. ఆపై ప్రతి ఆదివారము ఒక పట్టణమున సభ. జూన్ 9వ తేదీన మోంపెల్యేలో అయిదులక్షలకు మించి జనము కూడిరని అంచనా. గ్రామ పురపాలక సభ్యులు రాజీనామా లిచ్చిరి. ప్రధాని క్లెమాన్సో సైన్యమును పంపెను. జూన్ 19వ తేదీన నార్బోన్ నగరాధ్యక్షుడు ఫెరూల్‌ను నిర్బంధించిరి. ఆ దినమున, మరునాడు జరిగిన కాల్పులలో ఆ నగరమున కొందఱు ప్రాణములు కోల్పోయిరి.

ఆ వార్త ఆగ్డ్ పట్టణమున మకామున్న 17వ పదాతిదళమునకు చేరెను. ఆ సిపాయిలలో పెక్కుమంది ఈ పల్లెల బిడ్డలే. తమవారిపై తుపాకి యెత్తజాలక వారు తిరుగబడి, ఆయుధములతో రాత్రివేళ నడచి బేజియే చేరిరి. అచట రికె పేరు పెట్టిన విశాలవీథిలో బస చేసిరి. పౌరులు వారికి అన్నపానము లొసగిరి. తుదకు వారు లొంగిపోయిరి. పెక్కుమందిని ట్యునీషియాలోని గాఫ్సాకు పంపిరి. వారు రాత్రి నడచిన ఆ సీమను మేము పగటివేళ సైకిళ్లపై గంటన్నరలో దాటితిమి.

ఆల్బేర్ కథ మఱింత విచారకరము. అతడు పారిస్ వెళ్లి క్లెమాన్సోను కలిసికొనెను. తిరుగు రైలు టిక్కెట్టునకని ప్రధాని ఇచ్చిన 100 ఫ్రాంకుల నోటును పుచ్చుకొనెను. ఆ మాట పత్రికలకెక్కెను. నిన్నటిదాక దేవుడని కొలిచినవారే అమ్ముడుపోయినాడనిరి. అతడు 1921లో పేదవాడుగనే మరణించెను. కాని 1907 జూన్ 29వ తేదీన కల్తీని అరికట్టు చట్టము వచ్చెను. సభలలో వేసిన కేక వ్యర్థము కాలేదు. కేకవేసినవానికి మాత్రము ఫలము దక్కలేదు.

బేజియే సమీపమున ఓర్బ్ నది లోయలో మరోసాన్ అను గ్రామము కలదు. అచటి చిన్నరైతులు ఆ తిరుగుబాటునకు ముందే, 1901లో, తమ ఆసవమును తామే కలిసి అమ్ముకొనుటకు సహకారసంఘ మేర్పఱచుకొనిరి. 1905లో సోషలిస్టు నాయకుడు జోరెస్ వచ్చి చూచి పోయెను. దారిపొడుగున మేము చూచిన ఆసవశాలలకు ఇదియే మార్గదర్శి.

ఇక సైకిలు మాట. 1903లో మొదటి ఫ్రాన్సు ప్రదక్షిణ పందెము మార్సేయ్‌నుండి తూలూజ్‌నకు ఈ సీమ మీదుగనే సాగెను. పందెము కొఱకు గాక దేశము చూచుటకై సైకిలు తొక్కవలెనని బోధించినవాడు వెలోసియో అను మాఱుపేరు గల పాల్ ద వివీ. గేర్లు మార్చు సాధనమును ప్రచారము చేసినవాడును ఆయనయే. ఆయన యాత్రికులకు విధించిన నియమములలో ఒకటి, దారిలో ద్రాక్షాసవమును ముట్టవలదని! మేము లాకులకడ దానిని తలచుకొని నవ్వుకొని, మంచినీళ్లే త్రాగితిమి. 1936లో ఫ్రాన్సున కార్మికులందఱికి ఏటికి రెండువారములు జీతముతోకూడిన సెలవు చట్టమయ్యెను. చౌక రైలుటిక్కెట్లతో కొందఱు, సైకిళ్లపై కొందఱు దక్షిణమునకు తరలివచ్చిరి. ఏండ్ల తరబడి ఈ సీమ ఆసవమును త్రాగిన ఉత్తరదేశపు కార్మికుడు దాని పుట్టినింటిని తన కండ్లతో చూచినది అపుడే.

ఆ పుట్టినింటి కష్టము తీరినదని చెప్పజాలము. 1976 మార్చిలో నార్బోన్ చెంత మోంట్రెదోన్‌లో రైతులకును పోలీసులకును జరిగిన కాల్పులలో ఇరువైపుల ఒక్కొక్కడు మరణించెను. తరువాతి దశాబ్దములలో ఐరోపా సమాజము తోటలు పెఱికివేయువారికి ధనసహాయ మిచ్చెను. దొమీషియన్ ఔషధమే మరల వచ్చెను. 2019 జూన్ 28వ తేదీన ఎరో మండలములోని వెరార్గ్ గ్రామమున ఉష్ణోగ్రత 46 డిగ్రీల కెక్కినది. ఆ ప్రాంతపు తోటలలో ఆకులు, గుత్తులు నిప్పుతగిలినట్లు మాడినవి.

ఎరో నదిని దాటి, ఉప్పుకయ్య ఒడ్డున కాలువకు వీడ్కోలు పలికి, సెట్ రేవున సైకిళ్లను రైలుపెట్టెలో నెక్కించితిమి. బండి కదలగనే తోటలు మరల తివాచీవలెనే వెనుకకు జారినవి. ఆర్జలియే ఎటువైపున నున్నదో, మరోసాన్ ఎటువైపున నున్నదో మేము ఒకరి కొకరము చూపించుకొనుచుంటిమి. ఎదుటి బల్లపై కూర్చున్న వృద్ధుడు మా వేళ్లు చూపిన దిక్కునకు తలయూచి, తన తాతకూడ మోంపెల్యే సభకు పోయినాడని చెప్పెను.